గెస్టుకు ఏ ప్రాసెసర్ చూపించాలి?

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. కొత్త సర్వర్లు వచ్చాయని, ఇక గెస్టులన్నిటికీ, అంటే సర్వర్ల లోపల నడిచే వర్చువల్ యంత్రాలన్నిటికీ, హోస్ట్-పాస్‌త్రూ (సర్వర్ అసలు ప్రాసెసర్‌ను ఉన్నదున్నట్టు గెస్టుకు చూపించే పద్ధతి) పెట్టేస్తానని రాశావు. కాస్త ఆగు. గెస్టు తానున్న సర్వర్‌ను ఎప్పటికీ వదలదంటే అంతకు మించిన ఎంపిక లేదు. వదలదని రాసివ్వగలవా?

నేనూ ఒకప్పుడు అదే ధీమాతో ఉన్నాను. హాస్‌వెల్ అనే తరం ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న సర్వర్ మీద ఒక గెస్టును పాస్‌త్రూతో నడిపాను. ఒక రాత్రి మెమరీ మార్చాల్సి వచ్చి, నడుస్తుండగానే దాన్ని పక్కనున్న, అంతకు ముందు తరమైన ఐవీ బ్రిడ్జ్ సర్వర్‌కు తరలించాను. పింగ్ ఒక్కటీ పోలేదు. కాఫీ కలుపుకుని వచ్చేసరికి బ్యాకప్ ప్రోగ్రాం 'ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్' అంటూ చచ్చిపడి ఉంది. గెస్టు బూటయ్యేటప్పుడే సీపీయూఐడీని (ప్రాసెసర్‌లో ఏ సదుపాయాలున్నాయో చెప్పే ఆదేశం) అడిగి, ఒకేసారి ఎక్కువ లెక్కలు చేసే ఏవీఎక్స్2 ఆదేశాలు ఉన్నాయని గుర్తు పెట్టుకుంది. అది హాస్‌వెల్‌తో వచ్చిన సదుపాయం, ఐవీ బ్రిడ్జ్‌లో లేదు. కాళ్ల కింద ప్రాసెసర్ మారిందని గెస్టుకు ఎవరు చెబుతారు?

సీపీయూఐడీ ప్రశ్నకు గెస్టుకు జవాబిచ్చేది సర్వర్‌లో గెస్టులను నడిపే కేవీఎం. కాబట్టి ఉన్నదాన్ని దాచవచ్చు, లేనిదాన్ని ఉందని మాత్రం నమ్మించలేం. దాచడం కూడా తాళం వేసినట్టు కాదు. అడగకుండానే ఏవీఎక్స్2 వాడే మొండి ప్రోగ్రాం హాస్‌వెల్ మీద నడిచిపోతూనే ఉంటుంది.

అందుకని ముందు గెస్టు వెళ్లగల ప్రతి సర్వర్‌లోనూ గెస్టులను నడిపే విర్ష్ ఆదేశంతో 'విర్ష్ డొమ్‌క్యాపబిలిటీస్' (ఆ సర్వర్ గెస్టుకు ఇవ్వగల ప్రాసెసర్ సదుపాయాల జాబితా) తీసి, అన్నిటినీ ఒకే ఫైల్లో పెట్టి 'విర్ష్ హైపర్‌వైజర్-సీపీయూ-బేస్‌లైన్'కు ఇవ్వు. అన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది అదే తేలుస్తుంది, గెస్టుకు చూపించాల్సిన ప్రాసెసర్ అదే. అందులో మోడల్ పేరు ఒక్కటే కాపీ చేసుకుని కింది ఫీచర్ వరుసలను వదిలేయకు, చాలామంది చేసే పని అదే. 2018 జనవరిలో స్పెక్టర్ అనే ప్రాసెసర్ భద్రతా లోపం బయటపడ్డాక అవసరమైన స్పెక్-సీటీఆర్‌ఎల్, ఆ తర్వాత వచ్చిన ఎండీ-క్లియర్ వంటి రక్షణలు ఆ వరుసల్లోనే ఉంటాయి. ఒక్క సర్వర్‌లో మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) పాతదైనా అవి ఉమ్మడి జాబితాలోంచి చప్పుడు లేకుండా జారిపోతాయి. గెస్టులో ప్రాసెసర్ వివరాలు చూపించే ఎల్‌ఎస్‌సీపీయూ ఆదేశం కొట్టి, చివర 'వల్నరబుల్' అని ఎక్కడైనా ఉందేమో చూడు.

అలాగని భయపడి, ఎక్కడైనా నడిచే అతి ప్రాథమిక ప్రాసెసర్ మోడల్ క్యూఎమ్‌యూ64 దగ్గరే ఉండిపోకు. 2022లో వచ్చిన రెడ్ హ్యాట్ లినక్స్ 9కి కనీసం ఎక్స్86-64-వీ2 స్థాయి ప్రాసెసర్ సదుపాయాలు కావాలి, క్యూఎమ్‌యూ64లో అవి లేవు. అది దొరక్కపోతే ప్రోగ్రాంలన్నిటికీ ఆధారమైన జీలిబ్‌సీ లైబ్రరీ మొదట్లోనే చేతులెత్తేస్తుంది, గెస్టు బూటే కాదు. ఎన్‌క్రిప్షన్‌ను వేగంగా చేసే ఏఈఎస్ ఆదేశాలు కూడా కనబడవు కాబట్టి డిస్క్ ఎన్‌క్రిప్షన్ నత్తనడక నడుస్తుంది. గెస్టులో గెస్టు నడిపే అవసరం ఎవరికైనా ఉంటే అందుకు కావలసిన ప్రాసెసర్ సదుపాయం, ఇంటెల్ మీద వీఎమ్‌ఎక్స్, ఏఎమ్‌డీ మీద ఎస్‌వీఎమ్, వాళ్లకు మాత్రమే ఇవ్వు.

ఇంకొకటి, గెస్టు లోపలినుంచి రీబూట్ చేస్తే ఈ మార్పులు అమలు కావు. పూర్తిగా ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. ఇది తెలియక ఒక ఆదివారమంతా తల పట్టుకుని కూర్చున్నాను, మీ అత్తయ్యకు ఇంకా గుర్తే.

బేస్‌లైన్ తీశాక ఆ ఫైలు నాకు పంపు, చూసి చెబుతాను. అంతవరకు ఏ గెస్టునూ ముట్టుకోకు.

మామయ్య