చిన్నపిల్లలతో గాలం వేటకు: మీ సమస్యకు నా సమాధానం

మీ ఐదేళ్ల బాబు, ఏడేళ్ల పాప అరగంటకే విసుగెత్తి గట్టు మీద పరుగులు పెడుతున్నారని, గాలం ముల్లు ఎక్కడ గుచ్చుకుంటుందోనని భయంగా ఉందని రాశారు కదండీ. ముందు ఒక మాట: మీ గాలం ఇంట్లోనే వదిలేసి వెళ్లండి. మీరూ వేటలో పడితే పిల్లల మీద కన్ను ఉండదు. మునిగిపోయే పిల్లలు చాలాసార్లు కేక కూడా వేయలేరు. ఇద్దరు పిల్లలకు ఇద్దరు పెద్దవాళ్లు ఉంటే మేలు.

లైఫ్ జాకెట్ నీళ్ల దగ్గరికి చేరకముందే తొడగండి, బరువుకు తగ్గది. బెల్టులన్నీ బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. అది గడ్డం దాటి పైకి జారిందంటే వదులుగా ఉన్నట్టే.

ముల్లు మొనకు లోపలివైపు వెనక్కి తిరిగిన చిన్న కొస ఉంటుంది చూడండి, దాన్ని ప్లయర్‌తో నొక్కి అణిచేయండి. పొరపాటున గుచ్చుకున్నా తీయడం తేలిక, చేపకూ గాయం తక్కువ. విసిరేటప్పుడు వెనక ఎవరూ ఉండకూడదు. టోపీ, కళ్లద్దాలు తప్పనిసరి.

ఇక విసుగు సంగతి. పెద్ద చేప ఆశ మానేసి చిన్న ముల్లు, నీళ్ల మీద తేలే చిన్న బెండు, వానపాము ముక్కతో ఒడ్డు పక్కనే వేయించండి. బెండు టుక్కుమని మునగడం చూస్తే వాళ్లు కదలరు. చేపను తడిచేత్తోనే పట్టుకోనివ్వండి, పొడిచేత్తో దాని ఒంటి జిగురు పోతుంది. మధ్యలో రాళ్లు ఏరుకుంటామంటే ఏరుకోనివ్వండి, మీరు పక్కనే ఉండి. ఉరుము వినపడితే మాత్రం వెంటనే సర్దేయండి.