మొదటి సంచిక వేసే ముందు

చెల్లీ,

నీ ఉత్తరమూ, నమూనా సంచికా అందాయి. ఎనిమిది పేజీలూ రెండుసార్లు చదివాను. ప్రకటనలిచ్చే కంపెనీ నొచ్చుకుంటుందని నీ వార్తను పక్కన పడేశారని రాశావు. ఆ బాధ నాకు తెలుసు. యజమానికి పది వ్యాపారాలున్న చోట వార్త ఆపమని ఎవరూ ఫోన్ చేయక్కర్లేదు. ఏం రాస్తే పైవాళ్ల మొహం మాడుతుందో కొత్తగా చేరినవాళ్లకు కూడా ఆరు నెలల్లో తెలిసిపోతుంది. ఆ తర్వాత ఎవరి వార్తను వాళ్లే కత్తిరించుకుంటారు. అందుకే సొంతంగా పత్రిక పెట్టాలన్న నీ ఆలోచన నాకు నచ్చింది.

నమూనా మాత్రం నచ్చలేదు. ఎనిమిదిలో ఐదు పేజీలు పెద్ద పత్రికలను తిట్టడానికే సరిపోయాయి. వాళ్లు అబద్ధాలు రాస్తున్నారని పదేపదే అన్నావు, ఒక్కదాన్నైనా పట్టి చూపించలేదు.

ఐ.ఎఫ్. స్టోన్ అని ఒక అమెరికన్ జర్నలిస్టు ఉండేవాడు. పనిచేస్తున్న పత్రిక 1952లో మూతపడింది. కమ్యూనిస్టు అన్న అనుమానం వస్తే చాలు, బతుకుతెరువు పోయే రోజులవి. ఎవరూ ఉద్యోగం ఇవ్వలేదు. 1953లో 5,300 మంది చందాదారులతో నాలుగు పేజీల వారపత్రిక మొదలుపెట్టాడు. చందాల లెక్కలు భార్య ఎస్తర్ చూసుకునేది. ఆయనకు చెవులు సరిగా వినపడవు. అందుకని ప్రెస్‌మీట్ల కన్నా ప్రభుత్వం అచ్చేసిన కాగితాలనే ఎక్కువ నమ్ముకున్నాడు.

1957లో అమెరికాలోని నెవాడాలో భూమి లోపల అణుపరీక్ష జరిగింది. దాని ప్రకంపనలు 200 మైళ్లు దాటి ఎక్కడా అందలేదని కొన్ని నెలల తర్వాత అమెరికా ప్రభుత్వ అణుశక్తి సంఘం ప్రకటించింది. అదే నిజమైతే, పరీక్షలు మానేద్దామని దేశాలు ఒప్పందం చేసుకున్నా దొంగచాటుగా చేసేవాళ్లను పట్టుకోలేం. ఒప్పందం వద్దనేవాళ్లకు అంతకన్నా ఏం కావాలి? కానీ పరీక్ష జరిగినప్పుడు దూరదేశాల్లో కూడా అది నమోదైందని పేపర్లో వచ్చిన చిన్న ముక్క స్టోన్‌కు గుర్తుంది. భూకంపాలను నమోదు చేసే ప్రభుత్వ విభాగాన్నే వెళ్లి అడిగాడు. 2,000 మైళ్లకు పైగా దూరంలో ఉన్న అలాస్కాలో కూడా అందిందని వాళ్ల దగ్గరే లెక్క ఉంది. సంఘం తన ప్రకటనను దిద్దుకోవాల్సి వచ్చింది. ఆ చిన్న ముక్క పెద్ద పత్రికల వాళ్లందరి కళ్ల ముందూ ఉన్నదే. తీరిగ్గా కూర్చుని రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూసింది ఆయన. నీకున్న బలం కూడా ఆ తీరికే.

ఇంకో సంగతి. 1999 నవంబరులో సియాటిల్‌లో ప్రపంచ వాణిజ్య సంస్థ సమావేశాలకు వ్యతిరేకంగా జనం వీధుల్లోకి వచ్చినప్పుడు ఇండీమీడియా అనే వార్తల వెబ్‌సైట్ పుట్టింది. ఎవరైనా సరే తాము చూసింది రాసి, ఫొటోలు తీసి నేరుగా పెట్టొచ్చు, మధ్యలో ఎడిటర్ ఉండడు. కొన్నేళ్లలోనే అది ఎన్నో దేశాలకు పాకింది. అది చూసి నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను. కానీ తెరిచిన తలుపులోంచి చెత్త కూడా వచ్చింది. ద్వేషం కక్కేవాళ్లు, పుకార్లు రాసేవాళ్లు చేరారు. ఊడ్చేది జీతం లేని కొద్దిమంది. వాళ్లు అలిసిపోయారు. పైన ఎవరూ లేకపోవడం మంచిదే, అయితే సరిచూసే పనంతా మన నెత్తిన పడుతుంది.

ఆ పని నేను ఒకసారి ఎగ్గొట్టాను. మేము ముగ్గురం కలిసి చిన్న పత్రిక నడిపే రోజుల్లో, ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగాలు పోయినవాళ్ల సంఖ్య ఎవరో చెబితే విని వేసేశాను. పేజీలు మడిచి, పిన్నులు కొట్టి, కాపీలన్నీ పంచేశాక, పని పోయిన ఒకాయన వచ్చాడు. నేను రాసింది అసలు సంఖ్యకు రెట్టింపు. "ఇప్పుడు మేం నిజం చెప్పినా మేనేజ్‌మెంట్ మీ పేపర్ చూపించి నవ్వుతుందమ్మా" అన్నాడు. తర్వాతి సంచికలో సవరణ వేశాం, అదీ చివరి పేజీలో చిన్న అక్షరాలతో. మొదటి పేజీలో చేసిన తప్పు మొదటి పేజీలోనే దిద్దుకోవాల్సింది. అది ఇప్పటికీ నన్ను కుట్టేస్తూనే ఉంది.

డబ్బు సంగతి అడిగావు. చందాలు నమ్ముకో. ఏ ఒక్కరి దగ్గరా అచ్చు ఖర్చులో పెద్ద వాటా తీసుకోకు, వాళ్లు ఎంత మంచివాళ్లైనా సరే.

ఇక నీ ఆరో పేజీ అడుగున ఒక చిన్న వార్త ఉంది. డిపోలో రాత్రిళ్లు బస్సులు కడిగే ఆడవాళ్లకు చేతి తొడుగులు ఇవ్వడం లేదని, చాలామందికి చేతులు పగిలి రక్తం కారుతోందని. సంచిక మొత్తంలో నేను ఆగి చదివింది అదొక్కటే. చాలామంది అంటే ఎందరు? ఎందరితో మాట్లాడావు? కాంట్రాక్టర్‌ను అడిగావా? తొడుగులు ఇవ్వాలని టెండరు కాగితాల్లో ఉందా, లేదా? ఆ కాగితం సంపాదించి, ఇంకో రెండు రాత్రులు డిపోకు వెళ్లి, ఆ వార్తను మొదటి పేజీకి మళ్లీ రాసి పంపు. చూస్తాను.

మీ అక్క