‘సూక్ష్మచిత్రం’ అనవచ్చా?

సందేహం: నిజమైన వీధులు, భవనాలు చిన్న చిన్న బొమ్మల్లా కనిపించేలా ఫొటోలు తీస్తున్నారు కదా. వాటిని పరిచయం చేస్తూ ‘సూక్ష్మచిత్రాలు’ అని రాశాను. ‘ఫొటో పైభాగాన్నీ కిందిభాగాన్నీ మసకబారాలి’ అని కూడా రాశాను. ఈ రెండూ సరైనవేనా?

సమాధానం: రెండోదాన్ని దిద్దుకోవడం సులువు. మసకబారడం దానంతటది జరిగేది. మనం చేస్తే అది మసకబార్చడం. మారు–మార్చు, చేరు–చేర్చు ఎలాగో ఇదీ అంతే. ‘పైభాగం మసకబారాలి’ అనండి, లేదా ‘పైభాగాన్ని మసకబార్చాలి’ అనండి.

ఇక ‘సూక్ష్మచిత్రం’. మొఘలుల కాలం నాటి చిన్న వర్ణచిత్రాలకు ఆ మాట చక్కగా సరిపోతుంది, అక్కడ చిత్రమే చిన్నది. మీరు చెప్పే ఫొటోను గోడంత అచ్చు వేయించినా అందులోని ఊరు బొమ్మలాగే ఉంటుంది. చిన్నగా తోచేది దృశ్యం. అదీ నిజం కాదు, భ్రమ.

అగ్గిపెట్టెంత బొమ్మకారును బాగా దగ్గర నుంచి ఫొటో తీసి చూడండి. కారు స్పష్టంగా వస్తుంది, దానికి ముందూ వెనకా ఉన్నవి మసగ్గా ఉంటాయి. దూరం నుంచి తీసిన ఊరిలో మామూలుగా ఆ మసక ఉండదు. వంచడానికీ (టిల్ట్) జరపడానికీ (షిఫ్ట్) వీలుండే ‘టిల్ట్ షిఫ్ట్’ లెన్సును వంచి, ఒక పట్టీ మేరకే ఫోకస్ నిలిపితే ఊరికీ ఆ మసక వస్తుంది. దాంతో మన కన్ను దాన్ని దగ్గరి వస్తువనుకుంటుంది, దగ్గరిది కాబట్టి చిన్నదనుకుంటుంది. ఎత్తు నుంచి తీస్తే ఇంకా బాగా నమ్ముతుంది, బొమ్మలను మనం పైనుంచే కదా చూసేది! ఇటలీ ఫొటోగ్రాఫర్ ఒలివో బార్బియేరి హెలికాప్టర్‌లోంచి రోమ్ నగరాన్ని ఇలాగే తీశారు. అంతటి కొలోసియం కూడా బల్లమీది నమూనాలా కనిపిస్తుంది.

‘టిల్ట్ షిఫ్ట్’ను తెనిగించాలని ఆరాటపడకండి, అది లెన్సు పేరు. పైగా ఈ భ్రమ టిల్ట్ వల్ల వచ్చేది. షిఫ్ట్ పని వేరు, ఎత్తయిన భవనాల గోడలు ఫొటోలో వాలిపోకుండా చూడటం. ఇప్పుడు చాలామంది ఆ లెన్సు లేకుండానే ఫోన్ యాప్‌లో మసకబారుస్తున్నారు కూడా.

మరి ఏమనాలి? ‘బొమ్మ ఫొటో’ అంటే కుదరదు, మనకు పటమూ బొమ్మే, ఆటవస్తువూ బొమ్మే. నా ఓటు ‘బొమ్మల కొలువు ఫొటో’కి. కొలువులో పేర్చిన ఊరిని చూసినవారికి వేరే వివరణ అక్కర్లేదు. ‘చార్మినార్ వీధులను బొమ్మల కొలువులా తీశారు’ అంటే చాలు. మరీ శాస్త్రీయమైన వ్యాసమైతే ‘నమూనా భ్రమ’ అని వాడి, మొదటిసారి మాత్రం ఒక్క వాక్యంలో వివరించండి.