టెక్ సందేహాలు: కొరియాలో కొత్త కొలువు, కొత్త ఇల్లు

ప్రశ్న: పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాలు తయారు చేసే కంపెనీలో పనిచేస్తున్నాను. రెండేళ్ల పనికోసం వచ్చే నెల నన్ను దక్షిణ కొరియాలోని హ్వాసాంగ్‌కు పంపుతున్నారు. ఉండటానికి చిన్న అపార్ట్‌మెంటు కూడా చూశారు. నేను కొత్త ఫోన్ కొనాలా? ఇక్కడి సిమ్ తీసేసి అక్కడిది వేసుకుంటే సరిపోతుందా? వెళ్లేలోపు ఇంకేం సర్దుకోవాలి? – ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: కొత్త ఫోన్ అక్కర్లేదు. మీ ఫోన్లో రెండు సిమ్‌లు, లేదా ఒక సిమ్, ఒక ఈ-సిమ్ పడితే చాలు. ఇక్కడి సిమ్‌ను మాత్రం దయచేసి తీసేయకండి. బ్యాంకు, ఆధార్, పీఎఫ్, ఆదాయపు పన్ను, ఇవన్నీ ఓటీపీ పంపేది ఆ నంబరుకే. ప్రీపెయిడ్ నంబరును 90 రోజులు అసలు వాడకపోతే దాన్ని రద్దు చేసే వీలు కంపెనీకి ఉంటుంది. రద్దయిన నంబరును కొంతకాలం తర్వాత మరొకరికి ఇస్తారు, అప్పుడు మీ బ్యాంకు సందేశాలు ముక్కూమొహం తెలియని మనిషి ఫోన్‌కు వెళ్తాయి. అందుకే రీచార్జి చేసే బాధ్యతను ఇంట్లో ఒకరికి అప్పగించండి. విమానం ఎక్కేముందే అంతర్జాతీయ రోమింగ్‌ను ఆన్ చేయించి, ఆ సిమ్‌కు డేటా రోమింగ్‌ను మాత్రం ఆఫ్ చేసి పెట్టుకోండి. రోమింగ్‌లో వచ్చే ఎస్సెమ్మెస్‌కు సాధారణంగా డబ్బు పడదు గానీ, ఎత్తిన ప్రతి కాల్‌కూ పడుతుంది.

ఉద్యోగం కోసం దేశం విడిచి వెళ్లేవారు మామూలు పొదుపు ఖాతాను ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా, అంటే ప్రవాస భారతీయులు ఇక్కడి డబ్బు ఉంచుకునే ఖాతాగా, మార్పించుకోవాలన్నది ఫెమా (విదేశీ మారక ద్రవ్య చట్టం) నిబంధన. ఆ పనిమీద బ్యాంకుకు వెళ్లినప్పుడే, ఓటీపీ ఈ-మెయిల్‌కు కూడా వచ్చేలా పెట్టించుకోండి. విదేశీ నంబరుతో యూపీఐ వాడుకోవచ్చని 2023 జనవరిలో పది దేశాలకు అనుమతి ఇచ్చినప్పుడు ఆ జాబితాలో కొరియా లేదు. ఇక్కడి నంబరును బతికించుకోవాలని ఇంత గట్టిగా చెప్పడానికి అదీ ఒక కారణం.

ఇక మీరు అడగకపోయినా నేను చెప్పవలసిన సంగతి ఒకటుంది. అది మీ పేరు. కొరియాలో ఆన్‌లైన్ షాపింగ్ మొదలు బ్యాంకు యాప్ దాకా దాదాపు ప్రతి సేవా, ఫోన్ నంబరు ఎవరి పేరున ఉందో చూసి మనిషిని గుర్తిస్తుంది. దీన్ని వాళ్లు ‘బోనిన్ ఇన్‌జుంగ్’ అంటారు. ఫోన్ కంపెనీ దగ్గర, బ్యాంకులో, విదేశీయుల నివాస కార్డు మీద మీ పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండాలి. ‘వెంకట శివ నాగేశ్వర రెడ్డి’ వంటి మన పొడవాటి పేర్లతో చిక్కు వచ్చేది ఇక్కడే. ఒకచోట ఇంటిపేరు ముందు, మరొకచోట వెనుక రాస్తారు. ఒకచోట మాటల మధ్య ఖాళీ ఉంటుంది, మరొకచోట అంతా కలిపేస్తారు. ఇంకొకచోట గడి చాలక సగంలో తెగిపోతుంది. మనిషి కంటికి ఇవన్నీ ఒకటే పేరు, కంప్యూటరుకు మాత్రం ముగ్గురు మనుషులు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారికి ఈ తిప్పలు మరీ ఎక్కువ. మీదీ అటువంటిదే అయితే వెళ్లకముందే సరిచేయించుకోవడం మేలు.

తొంభై రోజులకు మించి ఉండేవారు, దేశంలో అడుగుపెట్టిన 90 రోజుల్లోగా ఇమిగ్రేషన్ కార్యాలయంలో నమోదు చేసుకుని ఆ నివాస కార్డు తీసుకోవాలి. అప్పటిదాకా పాస్‌పోర్టు చూపించి తీసుకున్న ప్రీపెయిడ్ సిమ్‌తో గడపవచ్చు గానీ, దానితో ఈ గుర్తింపు పరీక్ష సాధారణంగా నెగ్గదు. కార్డు చేతికి రాగానే దాన్ని పట్టుకుని ముందు ఫోన్ దుకాణానికి, తర్వాత బ్యాంకుకు వెళ్లండి. కార్డు మీద పేరు ఎలా ఉందో రెండుచోట్లా అలాగే ఎక్కించమని అడిగి, తెర మీద మీ కళ్లతో చూసుకున్నాకే సంతకం పెట్టండి. ఆ పది నిమిషాలు ఓపిక పట్టకపోతే తర్వాత నెలల తరబడి తిరగవలసి వస్తుంది.

ఇంటి విషయానికి వస్తే, అక్కడి అపార్ట్‌మెంట్లలో చాలావాటికి తాళంచెవి ఉండదు; తలుపు మీద అంకెల తాళం ఉంటుంది. అది మామూలు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది. సెల్స్ నీరసించినప్పుడు తలుపు తీసిన ప్రతిసారీ వేరే రకంగా కూస్తుంది, ఆ కూత విన్నరోజే మార్చేయాలి. కొరియాలోని సువాన్‌లో ఉంటున్న మా బంధువుల అబ్బాయి ఆ కూతను పట్టించుకోలేదు. నిరుడు జనవరిలో, రాత్రి పదకొండు గంటలకు, గడ్డకట్టే చలిలో తలుపు ముందు నిలబడి నాకు వీడియో కాల్ చేశాడు. తాళం అడుగుభాగాన ఫోన్ వెలుగు వేయమన్నాను. రెండు చిన్న లోహపు చుక్కలు కనిపించాయి. వీధి మలుపులోని దుకాణంలో 9 వోల్టుల చదరపు బ్యాటరీ కొని తెచ్చి, దాని రెండు కొసలను ఆ చుక్కలకు ఆనించి పట్టుకోగానే అంకెలు వెలిగాయి, తలుపు తెరుచుకుంది. చాలా రకాల తాళాలకు ఈ ఏర్పాటు ఉంటుంది. ఆ బ్యాటరీ ఒకటి ఆఫీసు సంచిలోనే ఉంచుకోండి. ఇంట్లో పెట్టుకుంటే ప్రయోజనం లేదు కదా!

ఇంటి నేలను వేడిచేసే బాయిలర్‌కు గోడ మీద ఉండే మీటలు కొరియన్ లిపిలో ఉంటాయి. పపాగో అనే యాప్‌లో కెమెరా తెరిచి చూపిస్తే ఇంగ్లీషులో చెబుతుంది; తెలుగు లేదు. చలికాలంలో ఊరెళ్తూ బాయిలర్‌ను పూర్తిగా ఆపేయకండి, గొట్టాల్లో నీరు గడ్డకట్టి పగిలే ప్రమాదం ఉంది. ‘వేచుల్’ అన్న మీట నొక్కి వెళ్లండి, బయటికి వెళ్తున్నామని దాని అర్థం.

దారుల కోసం అక్కడివారు వాడే నేవర్ మ్యాప్‌ను గానీ, కకావో మ్యాప్‌ను గానీ ముందే ఇంగ్లీషులో పెట్టుకోండి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో సరైన పాస్‌వర్డే కొట్టినా తప్పు అంటోందంటే, స్పేస్ బార్‌కు కుడిపక్కన ఉండే ‘హన్/యంగ్’ మీట నొక్కి చూడండి. భాష మారిపోయి ఉంటుంది. అక్కడి గడియారం మనకన్నా మూడున్నర గంటలు ముందుంటుంది. మీ అమ్మానాన్నలు రాత్రి తొమ్మిదికి భోంచేసి ఫోన్ చేస్తే మీకు అర్ధరాత్రి పన్నెండున్నర అవుతుంది. సాయంత్రం ఐదున్నరకు చేయమని ఇప్పుడే చెప్పి వెళ్లండి.

ప్రశ్న: మా అబ్బాయి కూడా ఉద్యోగానికి కొరియా వెళ్తున్నాడు. చెనిక్కాయల పచ్చడి లేనిదే ముద్ద దిగదు వాడికి. మిక్సీ, చిన్న గ్రైండర్, కుక్కర్ పంపాలనుకుంటున్నాను. అక్కడి కరెంటుకు పనిచేస్తాయా? – ఒక తల్లి, కడప

జవాబు: అమ్మా, మిక్సీని నిశ్చింతగా పంపండి. మన కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అక్కడిది 220 వోల్టులు, 60 హెర్ట్జ్. మిక్సీలో ఉండేది కార్బన్ బ్రష్‌ల మోటారు కాబట్టి ఆ తేడా దానికి పట్టదు. అక్కడి ప్లగ్గుకు గుండ్రటి రెండు పుల్లలే ఉంటాయి గనుక ఎర్త్ ఉన్న మంచి అడాప్టరు ఒకటి కొనివ్వండి. రాత్రిపూట మాత్రం మిక్సీ వేయవద్దని చెప్పండి, అక్కడి అపార్ట్‌మెంట్లలో పై ఇంటి చప్పుడు మీద పెద్ద తగాదాలే జరుగుతాయి.

రాతి గ్రైండర్ వద్దు. దాని మోటారు వేరు రకం. 60 హెర్ట్జ్ మీద సుమారు ఐదోవంతు ఎక్కువ వేగంతో తిరిగి వేడెక్కుతుంది. పైగా బరువు. రైస్ కుక్కర్ కూడా వద్దు, అక్కడ మంచివి దొరుకుతాయి. ప్రెషర్ కుక్కర్ విషయంలో, ఆ ఇంట్లో ఉన్నది గ్యాసు పొయ్యా, ఇండక్షన్ పొయ్యా అని ముందు కనుక్కోండి. ఇండక్షన్ అయితే మామూలు అల్యూమినియం కుక్కర్ వేడెక్కదు. ఫ్రిజ్‌కు అంటించే అయస్కాంతం బిళ్ల ఒకటి దుకాణానికి తీసుకెళ్లి కుక్కర్ అడుగున పెట్టి చూడండి. గట్టిగా అతుక్కుంటే కొనండి.