కట్టుకున్నా, తొడుక్కున్నా, పెట్టుకున్నా వేర్ ఒక్కటే

చిరంజీవి బుజ్జమ్మకు మావయ్య ఆశీస్సులు.

ఢిల్లీ ఎగ్జిబిషన్‌లో మన పొందూరు ఖాదీ స్టాల్ దగ్గర నిన్ను నిలబెడుతున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఇంగ్లీషంటే టెన్షన్ పడుతున్నావట, అన్నం కూడా సరిగ్గా తినడం లేదట. ముప్ఫై ఏళ్లు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, ఇప్పుడు గ్రామర్ పుస్తకం ముందేసుకుని కూర్చోకు. బట్టలమ్మే చోట పొద్దున్నుంచి సాయంత్రం దాకా పనికొచ్చే క్రియ ఒకటుంది, వేర్. దాన్నీ దాని చుట్టాలనీ గట్టిగా పట్టుకో.

మనం చీర కట్టుకుంటాం, జాకెట్టు తొడుక్కుంటాం, చెప్పులు వేసుకుంటాం, కళ్ళజోడు పెట్టుకుంటాం, సెంటు రాసుకుంటాం. వస్తువును బట్టి మాట మారిపోతుంది. చీర తొడుక్కున్నానంటే మీ అమ్మమ్మ ఊరుకునేదా? ఇంగ్లీషులో వీటన్నిటికీ వేర్ సరిపోతుంది, ఆఖరికి సెంటుకి కూడా. కాబట్టి గాజులకి ఏమనాలి, ఉంగరానికి ఏమనాలి అని తడుముకోవద్దు.

వాళ్లు రెండుగా విడదీసే చోటు ఒకటుంది, మనవాళ్లు తడబడేది అక్కడే. చొక్కా వేసుకుంటున్నాను అంటే ఇంకా చేతులు దూర్చి బొత్తాలు పెట్టుకుంటున్నానని. వేసుకుని ఉన్నాను అంటే ఆ పని అయిపోయిందని. ఐ యామ్ వేరింగ్ అంటే ఈ రెండోది. మొదటిదానికి పుట్ ఆన్ అనాలి. నా దగ్గర చదివిన కుర్రాడొకడు ఉద్యోగంలో చేరిన కొత్తలో, గది తలుపు కొట్టిన ఆఫీసరుతో ‘ఐ యామ్ వేరింగ్ మై షర్ట్, సార్’ అన్నాడట. వేసుకునే ఉంటే తలుపు తియ్యడానికేం అని ఆయన విసుక్కున్నాడట. సెలవులకొచ్చినప్పుడు వాడు ఆ సంగతి చెబితే నాకు బాధేసింది. ఆ తేడా క్లాసులో నేను విడమరిచి చెప్పి ఉండాల్సింది. ‘ఐ యామ్ పుట్టింగ్ ఆన్ మై షర్ట్’ అనుంటే సరిపోయేది. విప్పడానికి టేక్ ఆఫ్. పుట్ ఆఫ్ అన్నావంటే వాయిదా వెయ్యడమని అర్థం, అది మాత్రం నోట రానివ్వకు.

స్టాల్లో ఎవరైనా కుర్తా చేతిలోకి తీసుకుంటే ‘ట్రై ఇట్ ఆన్’ అను. చీరకి డ్రేప్ అని మంచి మాటుంది, కుచ్చిళ్లూ పైటా అన్నీ అందులోకి వస్తాయి. సైజు సరిపోతే ‘ఇట్ ఫిట్స్ యూ’, ఆ రంగు మనిషికి నప్పితే ‘ఇట్ సూట్స్ యూ’. ఈ రెండూ కలిపెయ్యకు. ఎర్రచీర కట్టుకున్నావిడ అనడానికి క్రియే అక్కర్లేదు, ‘ద లేడీ ఇన్ ద రెడ్ శారీ’ అంటే చాలు. డాన్, అటైర్ లాంటివి పేపర్లో కనిపిస్తాయి గానీ మాటల్లో వాడితే కృతకంగా ఉంటాయి. జరిగిపోయినదానికి వోర్, వోర్న్. వేర్డ్ అనే మాట లేదు.

ఈ వేర్‌కి ఇంకో అర్థం ఉంది, అరగడం. మీ తాతయ్య చెప్పులు గుర్తున్నాయా? మడమ దగ్గర ఒక పక్క అరిగిపోయి, బొటనవేలి కింద గుంట పడి ఉండేవి. అలాంటివాటిని వోర్న్ అవుట్ అంటారు. ఒళ్లు హూనమైన మనిషి కూడా ‘ఐ యామ్ వోర్న్ అవుట్’ అంటాడు. అదే మాటకి వెల్ చేర్చావంటే మెప్పయిపోతుంది. ‘ఇట్ వేర్స్ వెల్’ అంటే ఎన్నాళ్లు కట్టినా మన్నుతుందని. ఖాదీ అమ్మేవాళ్లకి ఇంతకన్నా పనికొచ్చే వాక్యం లేదు.

అంత మన్నిక ఎలా అని అడుగుతారు. అప్పుడు మన వాళ్లు వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వుతారని చెప్పు. ఆ దవడకున్న సన్నని పళ్లు దువ్వెనలా పనిచేసి చెత్తని తీసేసి పోగుల్ని సాపు చేస్తాయని చేత్తో చూపించు. ఇంగ్లీషులో ‘వీ కోమ్ ద కాటన్ విత్ ద జాబోన్ ఆఫ్ ఎ ఫిష్’. కోమ్‌లో చివర బీ రాస్తారు గానీ పలకరు. నీ చిన్నప్పుడు పక్కింటి వీధరుగు మీద కూర్చుని ఆ పని చూసినదానివి, నీకన్నా బాగా ఇంకెవరు చెబుతారు?

నాకు ఇష్టమైన సంగతొకటి రాయకుండా ఉండలేను. వేర్ అనే మాటకీ మన వస్త్రం అనే మాటకీ వేల ఏళ్ల కిందటి మూలం ఒక్కటే. సంస్కృతంలో కప్పుకోవడం, తొడుక్కోవడం అనే అర్థమున్న వస్ అనే ధాతువూ, ఇంగ్లీషు వేరూ ఒకే చెట్టు కొమ్మలు. పరాయి మాట అని భయపడకు తల్లీ.

రైలెక్కే ముందు ఆదివారం మా ఇంటికి రా. మీ అత్త తన చీరలు మంచం మీద పరిచి ఉంచుతుంది. నేను కొనేవాడిలా కూర్చుంటాను, నువ్వు ఒక్కో చీర విప్పి చూపిస్తూ ఇంగ్లీషులో నాకు అమ్ము.

మీ మావయ్య,
పొందూరు