కొనడం ఆపాలంటే ముందు అమ్మడం ఆపండి

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. గ్రీన్‌కార్డు మీద డాలస్ శివారులో ఉంటున్నాను. ఏడేళ్ల క్రితం ఆఫీసు మిత్రులతో షూటింగ్ రేంజ్‌కు వెళ్లి, ఆ నెలలోనే ఒక 9 ఎంఎం పిస్టల్ కొన్నాను. ఇప్పుడు సేఫ్‌లో 14 తుపాకులున్నాయి. కొని, మార్చుకొని, అమ్మేసినవి మరో ముప్పై దాకా ఉంటాయి. ఉగాదికి ఇక చాలని ఒట్టు పెట్టుకుని 11 అమ్మేశాను, రెండు నెలలు తిరగకుండానే ఆరు కొన్నాను. నా భార్యకు తెలియని క్రెడిట్ కార్డు మీద 18 వేల డాలర్ల బాకీ ఉంది. మొన్న మా తొమ్మిదేళ్ల బాబు గరాజ్‌లో ఖాళీ పెట్టె చూసి ‘నాన్నా, ఇది కొత్తదా?’ అని అడిగాడు. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. నేను తాగను, జూదమాడను. మరి దీన్ని ఎందుకు ఆపలేకపోతున్నాను? కనీసం నా మొదటి పిస్టల్‌నైనా ఉంచుకోవచ్చా?

జవాబు: మీ పూర్తి ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. రెండోసారి చదువుతున్నప్పుడు, ఏ మోడల్ ఎక్కడ తక్కువకు వస్తుందో వెతకడం, అమ్మేవాడితో బేరం, గన్ షోలో ఉదయం తొమ్మిదికే వరుసలో నిలబడడం వంటివి రెండు పేజీలు నిండా రాసిన మీరు, ఇంటికి తెచ్చుకున్న తుపాకీ గురించి మాత్రం ‘నూనె తుడిచి, ఒకసారి చేతిలో పట్టుకుని చూసుకుని సేఫ్‌లో పెట్టేస్తాను’ అని ఒక్క వాక్యంతో సరిపెట్టారని గమనించాను. ఉన్న పద్నాలుగింటిలో ఎనిమిదింటితో ఇంతవరకు ఒక్క తూటా కూడా కాల్చలేదని కూడా మీరే రాశారు. కనుక మిమ్మల్ని పట్టుకున్నది తుపాకీ కాదు, బేరం.

మా ఊళ్లో ఒక రైతు ఉండేవాడు. ఆయన ఏ ఎడ్లజతనూ రెండు పంటలకు మించి ఉంచుకునేవాడు కాదు. సంత రోజు వచ్చిందంటే ఉన్న జతను తోలుకుపోయి, పైన కొంత డబ్బు వేసి మరో జతతో తిరిగొచ్చేవాడు. కొత్త ఎడ్లు కాడికి అలవాటు పడేలోపే వాటికి ఏదో ఒక వంక కనిపెట్టేవాడు. ఎడ్లంటే ఆయనకు ప్రాణమని ఊరంతా అనుకునేది గాని, ఆయనకు ప్రాణం సంత అని ఆయన భార్యకు తెలుసు. మెదడు పనితీరును పరిశీలించినవారు చెప్పేదీ దీనికి దగ్గరగానే ఉంటుంది: డోపమైన్ అనే రసాయనం కోరుకున్న వస్తువు చేతికి అందినప్పటికంటే, అది అందబోతోందన్న సూచన దొరికినప్పుడే ఎక్కువగా ఎగసిపడుతుంది. అందుకే పెట్టె తెరిచిన మూడో రోజుకే మీ వేళ్లు మళ్లీ ఫోన్ మీద వెతుకుతున్నాయి. అదుపు తప్పిన కొనుగోలును జర్మన్ మనోవైద్యుడు ఎమిల్ క్రేపెలిన్ వందేళ్లకు ముందే ఒక రుగ్మతగా వర్ణించాడు. అమెరికన్ మనోవైద్యుల 2013 నాటి వర్గీకరణ వ్యసనాల అధ్యాయంలో జూదానికి చోటిచ్చింది గాని దీనికి ప్రత్యేకంగా ఒక పేరు ఇవ్వలేదు. పేరు లేనంత మాత్రాన మీ బాధ ఉత్తది కాదు. ‘జూదమాడను’ అన్న మీ ఊరట కూడా పూర్తిగా నిజం కాదు.

మీ ఉగాది ఒట్టు ఎందుకు నిలవలేదో ఇప్పుడు చూడండి. పదకొండు తుపాకులు అమ్మడానికి మీరు ఫోటోలు తీశారు, ధరలు పోల్చారు, కొనేవారితో అర్ధరాత్రి దాకా మాట్లాడారు. అంటే మానేస్తున్నానని అనుకుంటూనే ఆరు వారాలపాటు సంతలోనే గడిపారు. చివరికి చేతిలో డబ్బు, సేఫ్‌లో ఖాళీ మిగిలాయి. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్న మనిషి కొనకుండా ఉండడం కష్టం. అందువల్ల చాలామంది చెప్పే సలహాకు విరుద్ధంగా నేను చెబుతున్నాను: ఈసారి ఏదీ అమ్మకండి. 90 రోజులపాటు ఇంట్లోకి ఒక్కటి రాకూడదు, ఇంట్లోంచి ఒక్కటి పోకూడదు, మార్పిడి అసలే వద్దు. ఆ గడువు ముగిశాక ఏవి వదిలించుకోవాలో మీ దంపతులిద్దరూ కలిసి నిర్ణయించుకుని, వాటిని ఒకేసారి లైసెన్స్ ఉన్న డీలర్‌కు అప్పగించండి. వచ్చిన డబ్బు మీ చేతికి రాకుండా నేరుగా కార్డు బాకీకి వెళ్లేలా మీ శ్రీమతి చూసుకోవాలి.

‘పాతది ఇచ్చి కొత్తది తీసుకుంటున్నాను గనుక కొత్తగా ఖర్చేమీ లేదు’ అని మీరు రాసిన మాటను మాత్రం ఒప్పుకోలేను. మీరు ఇచ్చిన లెక్కనే తీసుకుందాం. 560 డాలర్లకు కొన్న పిస్టల్‌కు దుకాణంవాళ్లు 340 విలువ కట్టారు, మీరు పైన 310 వేసి 650 డాలర్లది తెచ్చుకున్నారు. నాలుగు నెలల తర్వాత దానికి వాళ్లు 400 విలువ కట్టారు, మీరు మరో 350 వేసి 750 డాలర్లది తెచ్చుకున్నారు. మీ జేబులోంచి పోయింది 1,220. చేతిలో ఉన్న దాన్ని ఈరోజు అమ్మితే 450 వస్తే గొప్ప. పాత నగ ఇచ్చి కొత్తది చేయించుకున్న ప్రతిసారీ తరుగు, మజూరీ పోతాయని తెలిసే మన అమ్మలు ఆ పనికి పదిసార్లు ఆలోచించేవారు. ఏడేళ్లలో ముప్పై మార్పిడుల తరుగు ఎంతో మీరు ఇంతవరకు కూడిక వేయలేదు. వేయకపోవడానికి కారణం మీకు తెలుసు. పైగా ఆ కార్డు మీద 24 శాతం వడ్డీ అంటే, కొత్తగా ఏమీ కొనకపోయినా నెలకు 360 డాలర్లు కరిగిపోతున్నట్టే.

డబ్బు కంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టినవి మీరు మాటవరసకు రాసిన రెండు సంగతులు. ఒకటి, నిరుడు కొన్నింటిని లాభానికి అమ్మానని సంతోషంగా చెప్పడం. సేకరణ కోసం, సరదా కోసం ఎప్పుడైనా ఒకటి అమ్ముకోవడానికి, మార్చుకోవడానికి అమెరికా ఫెడరల్ చట్టం అడ్డు చెప్పదు. అయితే ప్రధానంగా లాభం కోసం పదేపదే కొని అమ్మేవారికి లైసెన్స్ ఉండి తీరాలి. 2022లో చేసిన సవరణ ఈ నిర్వచనాన్ని ఇంకా విస్తృతం చేసింది. లైసెన్స్ లేని వ్యాపారానికి ఐదేళ్ల దాకా జైలు శిక్ష ఉంది. రెండోది, హెచ్-1బి వీసా మీద ఉన్న సహోద్యోగి ఒకరు ‘మీ పేరు మీద ఒకటి కొని పెట్టండి’ అని అడుగుతున్నారనడం. వేట లైసెన్స్ వంటి కొద్దిపాటి మినహాయింపులు ఉంటే తప్ప ఆ వీసా మీద ఉన్నవారు తుపాకీ కలిగి ఉండడమే నేరం. అసలు కొనుగోలుదారు మీరేనా అని దుకాణంలో నింపే 4473 ఫారం అడుగుతుంది. దానికి అబద్ధం రాసి ఇంకొకరి కోసం కొనడం మరింత పెద్ద నేరం. మీరుండే టెక్సస్‌లో ఇద్దరు స్థానికుల మధ్య అమ్మకానికి కొనేవారి నేపథ్య తనిఖీ అక్కర్లేకపోవచ్చు గాని, తుపాకీ ఉండకూడని మనిషని తెలిసి అమ్మడానికి అక్కడా అనుమతి లేదు. ఆయుధాల చట్టం కింద శిక్ష పడిన గ్రీన్‌కార్డుదారుని దేశం నుంచి పంపించివేసే వీలు ఇమిగ్రేషన్ చట్టంలోనే ఉంది. పదహారేళ్ల మీ శ్రమ ఒక మొహమాటం మీద ఆధారపడకూడదు. ఆ సహోద్యోగికి ‘కుదరదు’ అని ఒక్క మాటలో చెప్పండి, నిరుటి అమ్మకాల వివరాలతో ఒక న్యాయవాదిని ఒకసారి సంప్రదించండి.

మీ శ్రీమతికి చెప్పే విషయంలో మీరు వాయిదా వేయడానికి కారణం, ఆమె తుపాకులను అసహ్యించుకుంటుందన్న భయమని రాశారు. నేనైతే ఆమెకు అసలు గుచ్చుకునేది దాచిన కార్డేనని అనుకుంటున్నాను. అందుకే ముందుగా కార్డు బిల్లు ముద్రించి చేతికివ్వండి, తర్వాతే సేఫ్ తెరవండి. బాబు నిద్రపోయాక, ఫోన్లు పక్క గదిలో పెట్టి కూర్చోండి. ఆమె మొదట అడిగే ప్రశ్న ‘ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?’ అన్నదై ఉంటుంది. దానికి ‘సిగ్గుపడి’ అన్నదే నిజమైన జవాబు, మిగిలినవన్నీ వాదనలు. ‘ఇవి పెట్టుబడి’, ‘ధర పెరుగుతుంది’ అన్న మాటలు ఆ రాత్రి మీ నోట రాకుండా చూసుకోండి. ఆమె కోప్పడితే కోప్పడనివ్వండి. పద్నాలుగింటి పట్టికను, కొన్న ధరలతో సహా, మీరు చెబుతుండగా ఆమె చేత రాయించండి. మీరు రాస్తే అందులో ఒకటి రెండు తగ్గే ప్రమాదం ఉంది, క్షమించండి.

మీ కోరిక ఎక్కువగా గురువారం రాత్రి, విదేశీ బృందంతో సమావేశం ముగిసిన తర్వాత, పదకొండు నుంచి ఒంటిగంట మధ్య వస్తోందని మీ ఉత్తరంలోనే ఉంది. మీ కంపెనీలో ఉద్యోగాల కోత మొదలైన నెలలోనే కొనుగోళ్లు రెట్టింపయ్యాయని కూడా ఉంది గాని, ఈ రెండింటినీ మీరు కలిపి చూసుకోలేదు. వేలం సైట్ల ఖాతాలు మూయండి, దాచి ఉంచిన కార్డు నంబర్లు తీసేయండి, గురువారం రాత్రి ఫోన్ వంటింట్లో ఛార్జింగ్‌కు పెట్టండి. అయినా కోరిక వస్తుంది. వ్యసనాల మీద జీవితమంతా పనిచేసిన అమెరికన్ మనస్తత్వవేత్త అలాన్ మార్లట్ దాన్ని అలతో పోల్చేవాడు: అల లేస్తుంది, శిఖరానికి చేరుతుంది, మనం అడ్డం పడకుండా, లొంగిపోకుండా దాని మీద తేలుతూ ఉంటే అదే విరిగిపోతుంది. సాధారణంగా అరగంట చాలు. ఆ అరగంటలో ఎన్ని గంటలకు వచ్చింది, అంతకుముందు ఏం జరిగింది, ఒంట్లో ఎక్కడ తెలిసింది అన్న మూడు సంగతులను ఒక నోటుపుస్తకంలో రాయండి. నాలుగు వారాలు తిరిగేసరికి మీరు వెతుకుతున్నది తుపాకీనా, ఆ వారం ఆఫీసులో జారిపోయిన పట్టునా అన్నది మీకే తేలుతుంది.

సేఫ్ కోడ్ బాబు పుట్టినరోజు అని రాశారు. ఈ జవాబు చదవడం ఇక్కడే ఆపి, ముందు దాన్ని మార్చి రండి. తొమ్మిదేళ్ల పిల్లవాడు మొదట ప్రయత్నించే అంకెలు అవే. పదిహేడేళ్లలోపు పిల్లల చేతికి పేల్చడానికి సిద్ధంగా ఉన్న తుపాకీ అందేలా అజాగ్రత్తగా ఉంచడం టెక్సస్ చట్టంలో నేరం. ఆ మాట అటుంచి, ‘ఇది కొత్తదా?’ అని అడిగాడంటే పాతవి ఎన్ని ఉన్నాయో అతనికి ఇంచుమించు తెలుసన్నమాట. తూటాలు వేరే పెట్టెలో, వేరే తాళంతో ఉండాలి.

నిద్ర పట్టడం లేదన్నారు గనుక ఒక ప్రశ్న సూటిగా అడుగుతున్నాను, తప్పుగా అనుకోకండి: ఆ మెలకువలో చనిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా? అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే, ఇంట్లో ఆయుధం ఉన్నప్పుడు ఒక్క చెడ్డ గంట చాలు. అలాంటి ఆలోచన వచ్చి ఉంటే పైన చెప్పిన 90 రోజుల నియమాన్ని పక్కన పెట్టి, ఈరోజే అన్నింటినీ నిల్వకు తీసుకునే డీలర్ వద్దకో, చట్టప్రకారం ఉంచుకోగల నమ్మకమైన మిత్రుడి వద్దకో చేర్చండి, ఆత్మహత్య ఆలోచనలు వచ్చినవారికి సాయపడే 988 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. ఆ నంబరు రాత్రి, పగలు పనిచేస్తుంది. మన దగ్గర ఎన్నికలు వస్తే లైసెన్స్ ఉన్నవారు తుపాకులను పోలీసు స్టేషన్‌లో జమ చేసి, ముగిశాక తెచ్చుకుంటారు. దాన్ని ఎవరూ అవమానంగా భావించరు.

థెరపిస్టును కలిస్తే రికార్డుల్లోకి ఎక్కి సమస్యలొస్తాయన్న మీ భయానికి ఆధారం లేదు. 4473 ఫారం అడిగేది కోర్టు లేదా అలాంటి అధికార సంస్థ మానసికంగా అనర్హుడని తేల్చిందా, ఎప్పుడైనా బలవంతంగా మానసిక వైద్యశాలలో చేర్చారా అన్నదే గాని, మీకై మీరు వెళ్లి కౌన్సెలింగ్ తీసుకున్నారా అని కాదు. పెద్ద కంపెనీలు చాలావరకు ఉద్యోగులకు కొన్ని ఉచిత కౌన్సెలింగ్ సమావేశాలు ఇస్తాయి, మీ హెచ్ఆర్ పేజీలో చూడండి. ఆలోచనల తీరును, అలవాట్లను మార్చే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ చేసేవారినే అడగండి, ‘కొనుగోలు ఆపుకోలేకపోతున్నాను’ అని చెబితే చాలు, వస్తువు పేరు రెండో సమావేశంలో చెప్పినా ఫరవాలేదు. అప్పుల వ్యసనంలో చిక్కుకున్నవారు 1976లో మొదలుపెట్టిన డెటర్స్ అనానిమస్ బృందాలు ఫోన్‌లో, ఆన్‌లైన్‌లో కూడా సమావేశమవుతాయి.

మొదటి పిస్టల్ ఉంచుకోవచ్చా అన్న ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పను. ఏది ఉంచాలి, ఏది పోవాలి అని రాత్రంతా ఎంచుకుంటూ కూర్చోవడం కూడా సంతలో తిరగడమే. ఆ పట్టిక మీ శ్రీమతి బీరువాలో ఉండనివ్వండి. తొంభై ఒకటో రోజున ఇద్దరూ కలిసి తెరిచినప్పుడు, ఆ పిస్టల్ సంగతి ముందుగా ఆమెనే మాట్లాడనివ్వండి.