డిజైన్ చదువుతున్న అమ్మాయి ఎల్‌ఎల్‌బీ వైపు వెళ్తానంటే...

ప్రశ్న: మాది భూదాన్ పోచంపల్లి దగ్గర ఊరు, చేనేత కుటుంబం. మా అమ్మాయి హైదరాబాద్‌లో బీడిజైన్ టెక్స్‌టైల్ మూడో సంవత్సరం చదువుతోంది. తను గీసిన ఇక్కత్ డిజైన్‌ను ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే, నెల తిరగకముందే అదే డిజైన్‌తో ప్రింట్ చీర ఆన్‌లైన్‌లో అమ్మకానికి వచ్చింది. అప్పటి నుంచి డిజైన్లను, బ్రాండ్లను కాపాడే చట్టాలు చదువుతానంటోంది. డిగ్రీ అయ్యాక మళ్లీ మూడేళ్లు లా అంటే ఖర్చు, వయసు రెండూ చూసుకోవాలి కదా. పంపమంటారా?

జవాబు: పంపండి. అయితే డిగ్రీ చేతికి రాగానే వద్దు. ముందు ఆరు నెలలో ఏడాదో, ట్రేడ్‌మార్క్, డిజైన్ దరఖాస్తులు వేసే లా ఆఫీసులో పని చేయనివ్వండి. ఆ పని నచ్చితే అప్పుడు లాసెట్ రాస్తుంది.

ముందు ఆ చీర సంగతి చూద్దాం, ఎందుకంటే అక్కడ ఆలస్యం చేస్తే నష్టం. 2000 నాటి డిజైన్ల చట్టం కింద కొత్త డిజైన్‌ను రిజిస్టర్ చేసుకుంటే పదేళ్లు హక్కు ఉంటుంది, ఇంకో అయిదేళ్లు పొడిగించుకోవచ్చు. కానీ దరఖాస్తు వేసే నాటికి ఆ డిజైన్ ఎక్కడా బయటికి వచ్చి ఉండకూడదు. ఇన్‌స్టాలో పెట్టడమూ బయటపెట్టడమే. కాబట్టి ఆ ఒక్క డిజైన్‌కు రిజిస్ట్రేషన్ దారి దాదాపు మూసుకుపోయినట్టే.

కాపీరైట్ మాత్రం ఇంకా మిగిలి ఉండొచ్చు. గీసిన బొమ్మకు కాపీరైట్ దానంతటదే వస్తుంది. అయితే కాపీరైట్ చట్టం 15వ సెక్షన్‌లో ఒక మెలిక ఉంది. రిజిస్టర్ చేసుకోదగిన డిజైన్‌ను చేసుకోకుండా వదిలేసి, దాన్ని వేసిన వస్తువులను యజమాని గానీ, యజమాని అనుమతితో ఇంకొకరు గానీ పారిశ్రామిక పద్ధతిలో 50 సార్లకు మించి తయారు చేస్తే ఆ డిజైన్ మీద కాపీరైట్ పోతుంది. రితూ కుమార్ దుస్తుల బ్రాండ్ నడిపే రితికా సంస్థ, మరో దుస్తుల కంపెనీ బీబా మీద వేసిన కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు ఈ కారణంతోనే రితికాకు కాపీరైట్ లేదంది. అంత పెద్ద బ్రాండ్‌కే అలా జరిగింది. మీ అమ్మాయి విషయంలో, అవతలివాళ్లు అడక్కుండా వేసిన ప్రింట్లు ఈ 50 లెక్కలోకి రావు. తను గీసిన అసలు ఫైళ్లు, తేదీలతో సహా పోస్టు, ఆ అమ్మకం పేజీ స్క్రీన్‌షాట్లు భద్రం చేసి, అమ్మకం జరిగిన సైట్‌కు కాపీరైట్ ఫిర్యాదు వెంటనే పెట్టమనండి. డిజైన్ కాలేజీల్లో మొదటి సెమిస్టర్‌లోనే చెప్పాల్సిన పాఠం ఇది. తెలియక ఎంతమంది పిల్లలు తమ మంచి పనిని పోగొట్టుకుంటున్నారో చూస్తే బాధేస్తుంది.

ఇక చదువు. ఈ రంగంలో మీ అమ్మాయికి ఉన్న బలం మీకు ఇంట్లోనే కనిపిస్తుంది. ఒక్క పోచంపల్లి చీర చుట్టూ ఎన్ని హక్కులున్నాయో చూడండి. ఆసు పోసే (నేతకు ముందు దారాన్ని వరసగా చుట్టే) యంత్రం తయారు చేసిన చింతకింది మల్లేశం గారు దానికి పేటెంట్ తీసుకున్నారు. చీర మీద కొత్తగా వేసిన అల్లికకు డిజైన్ రిజిస్ట్రేషన్. మీ షాపు పేరుకు, లోగోకు ట్రేడ్‌మార్క్. ఇక పోచంపల్లి ఇక్కత్ అన్న పేరుకు 2004-05లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది, దేశంలో మొట్టమొదట వచ్చిన వాటిలో అదొకటి. అయితే ఆ గుర్తింపు కాపాడేది పేరును. పోచంపల్లి అనకుండా ఇక్కత్‌లా కనిపించే ప్రింట్ అమ్మేవాణ్ని దాంతో పట్టుకోవడం కష్టం. 2025లో మిలాన్ ఫ్యాషన్ షోలో ఇటలీ ఫ్యాషన్ కంపెనీ ప్రాడా కొల్హాపురి లాంటి చెప్పులు చూపించినప్పుడు కూడా ఈ చిక్కే వచ్చింది. కొల్హాపురికి 2019 నుంచి గుర్తింపు ఉంది, కానీ ప్రాడా ఆ పేరు వాడలేదు. ఏది తరతరాల నమూనా, ఏది కొత్తగా పుట్టిన డిజైన్ అని విడదీసి చెప్పాల్సిన చోట, చిటికి కట్టడం (రంగు అద్దే ముందు నూలుకు ముడులు వేయడం) చూస్తూ పెరిగిన అమ్మాయి మాటకు బరువుంటుంది. తరతరాల నమూనాను కొత్తదంటూ ఎవరైనా రిజిస్టర్ చేసుకుంటే దాన్ని రద్దు చేయించడానికీ ఆ కన్నే కావాలి.

దారుల్లో ఒకటి ముందే పక్కన పెట్టండి. ఇతరుల తరఫున పేటెంట్ దరఖాస్తులు వేసే పేటెంట్ ఏజెంట్ పరీక్షకు సైన్స్, ఇంజనీరింగ్ లేదా టెక్నాలజీ డిగ్రీ అడుగుతారు. బీడిజైన్‌ను నమ్ముకుని దానికి కోచింగ్ ఫీజు కట్టవద్దు. ట్రేడ్‌మార్క్ ఏజెంట్ పరీక్షకు ఏ డిగ్రీ అయినా సరిపోతుంది, 21 ఏళ్లు నిండాలి. కానీ అది ఏటా వస్తుందని లెక్క వేసుకోకూడదు, నోటిఫికేషన్ చూస్తూ ఉండాలి. కోర్టులో వాదించాలన్నా, ఈ రంగంలో పైకి రావాలన్నా మూడేళ్ల ఎల్‌ఎల్‌బీయే గట్టి దారి. లాసెట్‌కు గరిష్ఠ వయసు లేదు, డిగ్రీలో జనరల్ వాళ్లకు 45 శాతం మార్కులు ఉండాలి. ప్రభుత్వ యూనివర్సిటీ కాలేజీలో సీటు వస్తే ఫీజు మీరు భయపడేంత ఉండదు. ఖర్చంతా హాస్టల్, తిండి, పుస్తకాలదే.

ఇప్పటి నుంచి చేయాల్సినవి రెండే. ప్రపంచ మేధో సంపత్తి సంస్థ అకాడమీలో ప్రాథమిక ఆన్‌లైన్ కోర్సు ఉచితం, సెలవుల్లో పూర్తి చేయవచ్చు. రెండోది నా దృష్టిలో ఇంకా ముఖ్యం. ఇప్పటిదాకా ఎవరికీ చూపించని తన డిజైన్ ఒకదానికి తనే ఆన్‌లైన్‌లో రిజిస్ట్రేషన్ దరఖాస్తు వేయాలి. వ్యక్తులకు ఫీజు 1,000 రూపాయలు. ఫొటోలు ఏ కోణాల్లో తీయాలి, కొత్తదనం ఎక్కడుందో రెండు వాక్యాల్లో ఎలా రాయాలి, ఆఫీసు అభ్యంతరం పంపితే ఏం జవాబివ్వాలి, ఇవన్నీ ఆ ఒక్క ఫైల్‌తో తెలుస్తాయి. ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో ఆ దరఖాస్తు నంబర్ చూపిస్తే, సర్టిఫికెట్ల కంటే ఎక్కువ పనికొస్తుంది.

ఒక విషయం మాత్రం ముందే తనతో మాట్లాడండి. ఈ పనిలో రంగులు, దారాలు ఉండవు. రోజంతా ఇంగ్లిష్‌లో చదవడం, రాయడం, గడువులు గుర్తుపెట్టుకోవడం. మొదట్లో చిన్న ఆఫీసులు ఇచ్చేది బస్సు పాస్‌కు, భోజనానికి సరిపోయేంతే. మగ్గానికి, స్కెచ్‌బుక్‌కు దూరం కాలేనని తనకే అనిపిస్తే, లా చదవకుండా సొంత బ్రాండ్ పెట్టుకోవడం కూడా మంచి నిర్ణయమే. అప్పుడూ ఈ చట్టాలు తనకు రోజూ అక్కరకొస్తాయి. ఆ ఇంటర్న్‌షిప్ పూర్తయ్యేదాకా తనను ఏ ఒక్క దారికీ కట్టేయకండి.